షార్లెట్ మేసన్

షార్లెట్ మేసన్ (జనవరి 1, 1842 - జనవరి 16, 1923) బ్రిటన్‌కు చెందిన విద్యావేత్త, రచయిత్రి. ఇంటివద్ద పిల్లలకు చదువు చెప్పదలచిన తల్లిదండ్రుల కొరకు ఈమె వ్రాసిన ఆరు సంపుటాల గ్రంథమాల విద్యారంగంలో ప్రసిద్ధి పొందింది. వాటిలో మొదటిదైన హోమ్ ఎడ్యుకేషన్ (గృహవిద్య) 1886లో వెలువడింది. ఉపాధ్యాయులకు శిక్షణ ఉన్నట్లే తల్లిదండ్రులకు కూడా పిల్లల పెంపకం, బోధన విషయంలో శిక్షణ అవసరమన్నది ఈమె ప్రధాన సిద్ధాంతం. శిక్షణ లేని తల్లి కూడా మంచి పుస్తకం, క్రమమైన అలవాట్లు, ప్రకృతి పరిశీలన అనే మూడు ఆధారాలతో పిల్లలకు చక్కని విద్యను అందించగలదని ఈమె నమ్మింది. తాను అవివాహితగానే జీవించినా, బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయినా, వేలాది కుటుంబాలకు గృహవిద్యలో మార్గదర్శి అయింది. ఈమె మరణానంతరం కొన్ని దశాబ్దాల పాటు మరుగున పడిన ఈ పుస్తకాలు 1980ల తరువాత అమెరికాలో గృహవిద్యను ఎంచుకున్న తల్లిదండ్రుల వలన తిరిగి ప్రచారంలోకి వచ్చాయి.

బాల్యం, విద్యాభ్యాసం

షార్లెట్ మేసన్ వేల్స్ ప్రాంతంలోని బేంగర్ పట్టణానికి సమీపాన గల గార్త్ అనే చోట జన్మించింది. తండ్రి జాషువా మేసన్, తల్లి మార్గరెట్. ఆమె బాల్య విద్య చాలావరకు ఇంటివద్దనే, తల్లిదండ్రుల సమక్షంలో జరిగింది. ఆమెకు పదహారేళ్ల వయసులో తల్లి, ఆ మరుసటి సంవత్సరం తండ్రి మరణించారు. ఆస్తిపాస్తులు లేవు. ఆ కాలంలో చదువుకున్న, ఆదరువు లేని యువతికి గౌరవప్రదంగా బ్రతకడానికి ఉన్న మార్గాలు రెండే. ఒకటి సంపన్నుల ఇళ్లలో పిల్లలకు చదువు చెప్పే గవర్నెస్‌గా చేరడం, రెండవది పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేయడం. ఆమె రెండవ మార్గాన్ని ఎంచుకొని, 1860 ప్రాంతంలో లండన్‌లోని హోమ్ అండ్ కొలోనియల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరింది. స్విట్జర్లాండ్ విద్యావేత్త పెస్టలోజీ భావాలను ఇంగ్లాండులో ప్రచారం చేసిన సంస్థలలో ఇది ముఖ్యమైనది. ఇక్కడి శిక్షణ ఫలితంగా ఆమె ప్రథమ శ్రేణి ఉపాధ్యాయ ధ్రువపత్రాన్ని పొందింది.

ఉపాధ్యాయ వృత్తి

ఇంగ్లాండు దక్షిణ తీరాన గల వర్థింగ్ పట్టణంలోని డేవిసన్ పాఠశాలలో మేసన్ పదేళ్లకు పైగా పనిచేసింది. తరువాత 1874 నుండి సుమారు నాలుగేళ్ల పాటు చిచెస్టర్‌లోని బిషప్ ఆటర్ కళాశాలలో, ఉపాధ్యాయినులుగా తయారయ్యే యువతులకు బోధించింది. పాఠశాలలో పిల్లలను, కళాశాలలో కాబోయే ఉపాధ్యాయినులను దగ్గరగా చూసిన అనుభవం ఆమె ఆలోచనలకు పునాది అయింది. బడికి వచ్చేనాటికే పిల్లల అలవాట్లు, ఆసక్తులు చాలావరకు ఏర్పడి ఉంటాయని, కనుక అసలు పని ఇంటివద్దనే మొదలు కావాలని ఆమె గ్రహించింది. ఆరోగ్యం సహకరించక ఈ ఉద్యోగాన్ని విడిచిపెట్టి రచనా వ్యాసంగం వైపు మళ్లింది.

ఆమె మొదటి పుస్తకాలు భూగోళ శాస్త్రానికి సంబంధించినవి. ఇంగ్లాండులోని నలభై కౌంటీల చరిత్ర, ప్రకృతి, కళలు, పురాగాథలను వివరించే ద ఫార్టీ షైర్స్ 1880లో వెలువడింది. తదనంతరం పాఠశాలల కొరకు భూగోళ వాచకాలను వరుసగా వ్రాసింది. నదులు, పర్వతాలు, రాజధానుల పేర్లను జాబితాగా వల్లె వేయించడానికి బదులు, ఒక ప్రాంతాన్ని యాత్రికుడు చూసినట్లుగా పాఠకునికి చూపించడం వీటి ప్రత్యేకత.

బ్రాడ్‌ఫోర్డ్ ఉపన్యాసాలు

1880 ప్రాంతంలో మేసన్ యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫోర్డ్ నగరానికి మారి, అక్కడ పాఠశాల నడుపుతున్న స్నేహితురాలి వద్ద నివసించింది. బ్రాడ్‌ఫోర్డ్ ఆనాడు ఉన్ని మిల్లులకు ప్రసిద్ధి చెందిన పారిశ్రామిక నగరం. 1870లో ప్రాథమిక విద్యా చట్టం రావడం, 1880లో బడి హాజరు నిర్బంధం కావడంతో శ్రామికుల పిల్లలు పాఠశాలలకు వెళ్లసాగారు. అయితే మధ్యతరగతి, సంపన్న కుటుంబాలలో చిన్నపిల్లలకు, ముఖ్యంగా బాలికలకు, చదువు ఇంటివద్దనే సాగేది. ఆ చదువు ఏ విధంగా ఉండాలో తల్లులకు చెప్పేవారు అరుదు.

మానింగ్‌హామ్ ప్రాంతంలోని సెయింట్ మార్క్ చర్చికి విరాళాలు సేకరించే సందర్భంలో, డబ్బుకు బదులుగా కొన్ని ఉపన్యాసాలు ఇస్తానని మేసన్ ముందుకు వచ్చింది. 1885-86 శీతాకాలంలో స్త్రీల సభలో ఇచ్చిన ఈ ఉపన్యాసాలే 1886లో హోమ్ ఎడ్యుకేషన్ పేరుతో గ్రంథరూపం దాల్చాయి. పుస్తకానికి లభించిన ఆదరణతో 1887లో బ్రాడ్‌ఫోర్డ్‌లో తల్లిదండ్రుల విద్యా సంఘం ఏర్పడింది. దీని స్థాపనలో ఎమలీన్ పెట్రీ స్టైన్‌థాల్ మేసన్‌కు తోడ్పడింది. 1890 నాటికి ఇది దేశవ్యాప్త సంస్థగా మారి పేరెంట్స్ నేషనల్ ఎడ్యుకేషనల్ యూనియన్ (పి.ఎన్.ఇ.యు.) అనే పేరును పొందింది. అదే సంవత్సరం పేరెంట్స్ రివ్యూ అనే మాసపత్రిక ప్రారంభమైంది. మేసన్ తన మరణం వరకు ఈ పత్రికకు సంపాదకురాలిగా ఉన్నది. హెన్రియెట్టా ఫ్రాంక్లిన్ ఈ సంస్థ కార్యదర్శిగా దశాబ్దాల పాటు సేవలందించి, దానిని ఇంగ్లాండు వెలుపలకు కూడా విస్తరింపజేసింది.

ఆంబుల్‌సైడ్‌లో

1891లో మేసన్ సరస్సులకు, కొండలకు పేరుపొందిన లేక్ డిస్ట్రిక్ట్‌లోని ఆంబుల్‌సైడ్ గ్రామానికి మారింది. శేషజీవితమంతా అక్కడే గడిపింది. అక్కడ ఆమె చేపట్టిన పనులు రెండు.

మొదటిది 1891లో ఆరంభమైన తపాలా పాఠశాల. ఇదే తరువాత పేరెంట్స్ యూనియన్ స్కూల్‌గా పేరుపొందింది. ఇంటివద్ద చదివే పిల్లలకు ప్రతి విడతకు ఏయే పుస్తకాలలో ఎన్ని పుటలు చదవాలో, ఏ చిత్రకారుని చిత్రాలు చూడాలో, ఏ సంగీతం వినాలో తెలిపే కార్యక్రమ పత్రం తపాలా ద్వారా చేరేది. విడత చివర ప్రశ్నపత్రం వచ్చేది. పిల్లల జవాబులను ఆంబుల్‌సైడ్‌కు పంపితే, పరిశీలించి తిరిగి పంపేవారు. ఉద్యోగరీత్యా భారతదేశంలోను, ఇతర వలస దేశాలలోను ఉన్న బ్రిటిష్ కుటుంబాలు కూడా ఈ సౌకర్యాన్ని వినియోగించుకున్నాయి. దూరవిద్యకు ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

రెండవది 1892లో ప్రారంభించిన హౌస్ ఆఫ్ ఎడ్యుకేషన్. ఇది గవర్నెస్‌లకు, పిల్లల బాధ్యత వహించే స్త్రీలకు శిక్షణనిచ్చే కళాశాల. ఇది తరువాత స్కేల్ హౌ అనే భవనంలోకి మారింది. విద్యార్థినులు ఉదయం పాఠాలు చెప్పడం అభ్యసించి, మధ్యాహ్నం కొండల వెంట, చెరువుల వెంట తిరిగి తాము చూసిన మొక్కలు, పక్షుల చిత్రాలను ప్రకృతి దినచర్య పుస్తకంలో గీసుకొనేవారు.

ఇక్కడ శిక్షణ పొందిన ఒక గవర్నెస్ గురించి ఒక ఆసక్తికరమైన సంఘటన ఉన్నది. సైనికుల కొరకు బేడెన్ పవెల్ 1899లో ప్రచురించిన ఎయిడ్స్ టు స్కౌటింగ్ అనే పుస్తకంలోని పరిశీలనాభ్యాసాలను ఆమె సైన్యాధికారి అలెన్‌బీ కుమారునికి నేర్పుతుండేది. ఒకనాడు అలెన్‌బీ గుర్రంపై ఇంటికి వస్తుండగా, చెట్టు మీద దాగిన కుమారుడు తండ్రి తన గురికి చిక్కినట్లు ప్రకటించాడు. గవర్నెస్ కూడా ఆ చెట్టుమీదనే ఉన్నది. సైనికుల పుస్తకం బాలల విద్యకు పనికివస్తుందన్న ఆలోచన తనకు కలగడానికి ఈ సంఘటన ఒక కారణమని బేడెన్ పవెల్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. బాలుర కొరకు స్కౌట్ ఉద్యమం 1908 ప్రాంతంలో రూపుదిద్దుకొన్నది.

విద్యా సిద్ధాంతాలు

బిడ్డ పుట్టుకతోనే సంపూర్ణ వ్యక్తి అన్నది మేసన్ సిద్ధాంతాలన్నిటికీ మూలం. పిల్లవాని మనస్సు పెద్దలు నింపవలసిన ఖాళీ పాత్ర కాదు. ఆకలి గల శరీరానికి ఆహారం వలె మనస్సుకు భావాలు కావాలి. విద్య అనేది ఇంటి వాతావరణం, మంచి అలవాట్ల క్రమశిక్షణ, సజీవమైన భావాలు అనే మూడింటి కలయిక అని ఆమె పేర్కొన్నది. ఆమె ఆచరణ పద్ధతులలో ముఖ్యమైనవి ఇవి:

* ఆరేళ్ల వరకు నియత పాఠాలు లేకుండుట: ఈ వయసు పిల్లలు వాతావరణం అనుకూలించిన రోజులలో నాలుగు నుండి ఆరు గంటల సేపు ఆరుబయట గడపాలని ఆమె సూచించింది. పిల్లలను ఒక దృశ్యాన్ని చూచి రమ్మని పంపి, తిరిగి వచ్చాక ఏమి చూశారో వర్ణించమనడం ఆమె చెప్పిన అభ్యాసాలలో ఒకటి.
* చిన్న పాఠాలు: చిన్న తరగతులలో ఒక పాఠం ఇరవై నిమిషాలకు మించరాదు. చదువు ఉదయం పూటనే ముగియాలి. మధ్యాహ్నం ఆటలకు, చేతిపనులకు, ప్రకృతి పరిశీలనకు కేటాయించాలి.
* సజీవ పుస్తకాలు: విషయంపై మక్కువ గల ఒక రచయిత చక్కని భాషలో వ్రాసిన పుస్తకం. పొడి వాస్తవాలను కుదించి కూర్చిన వాచకాలను, పెద్దలు పలుచన చేసి చెప్పే మాటలను ఆమె అంగీకరించలేదు.
* తిరిగి చెప్పడం: పాఠాన్ని ఒక్కసారే చదవాలి. వెంటనే పిల్లవాడు తాను విన్నదానిని తన మాటలలో చెప్పాలి. మధ్యలో అడ్డు తగలరాదు. రెండవసారి చదవరని తెలిసినప్పుడు పిల్లలలో ఏకాగ్రత దానంతట అదే అలవడుతుందని ఆమె భావించింది. సుమారు పదేళ్ల వయసు నుండి ఇది క్రమంగా వ్రాతరూపం పొందుతుంది.
* అలవాట్లు: శరీర శాస్త్రవేత్త విలియం కార్పెంటర్ రచనల ప్రభావంతో, పదేపదే చేసిన పని మెదడులో దారి ఏర్పరుస్తుందని ఆమె వివరించింది. తలుపు వేయకుండా వెళ్లే పిల్లవాని ఉదాహరణ ఇందుకు ప్రసిద్ధం. తల్లి కేకలు వేయక, వాదించక, ప్రతిసారీ ప్రసన్నంగా గుర్తు చేయాలి. అలవాటు కుదిరినట్లు కనిపించగానే ఒక్కసారి చూసీ చూడనట్లు ఊరుకుంటే అంతవరకు చేసిన శ్రమ వృథా అవుతుంది.
* లెక్కలు: సంఖ్యలను ముందుగా గింజలు, నాణేలు వంటి వస్తువులతో చేతికి తెలియజేసి, తరువాతనే అంకెలలోకి తీసుకురావాలి.
* మార్కులు, బహుమతులు, పోటీ: ఇవి జ్ఞానంపై గల సహజమైన ప్రేమను చంపుతాయని ఆమె హెచ్చరించింది.

గృహవిద్యా గ్రంథమాల

మేసన్ ఆరు సంపుటాలు ఒకే పథకం ప్రకారం వ్రాసినవి కావు. నలభై ఏళ్ల కాలంలో వేర్వేరు పాఠకులను ఉద్దేశించి వెలువడినవి. కనుక గృహవిద్యను కొత్తగా మొదలుపెట్టే తల్లిదండ్రులకు ప్రతి సంపుటం ఒకే విధంగా ఉపయోగపడదు.

1. హోమ్ ఎడ్యుకేషన్ (1886): తొమ్మిదేళ్ల లోపు పిల్లల గురించినది. ఆరు భాగాలు కలదు. ఆరోగ్యం, ఆహారం, ఆరుబయటి జీవితం, అలవాట్లు, చదవడం, వ్రాయడం, లెక్కలు, భూగోళం, చరిత్ర మొదలైన పాఠాలు, సంకల్పం, మనస్సాక్షి వరుసగా వివరించబడ్డాయి. ఆచరణకు సంబంధించిన సూచనలు అత్యధికంగా ఉన్నది ఇందులోనే. మొదట చదవదగినది కూడా ఇదే.
2. పేరెంట్స్ అండ్ చిల్డ్రన్ (1896): పేరెంట్స్ రివ్యూలో వచ్చిన వ్యాసాల సంకలనం. పిల్లల బోధన కన్నా తల్లిదండ్రుల బాధ్యతలు, వారి అధికారానికి గల హద్దులు ఇందులో ప్రధానం.
3. స్కూల్ ఎడ్యుకేషన్: తొమ్మిది నుండి పన్నెండేళ్ల వయసు వారి చదువుకు సంబంధించినది. పిల్లల వెంట నిరంతరం పడకుండా, గమనిస్తూనే జోక్యం చేసుకోని నేర్పు గురించిన అధ్యాయం ప్రసిద్ధం. చదువుపై అతిగా ఆందోళన పడే తల్లిదండ్రులకు ఇది చాలా ఉపకరిస్తుంది.
4. అవర్‌సెల్వ్స్: పిల్లలే నేరుగా చదువుకొనుటకు వ్రాసినది. మానవుని అంతరంగాన్ని ఒక రాజ్యంగా ఊహించి, ఆకలి, కోరిక, బుద్ధి, కల్పన, మనస్సాక్షి మొదలైన వాటిని ఆ రాజ్యంలోని అధికారులుగా చిత్రించింది. మొదటి భాగం పదహారేళ్ల లోపు వారికి, రెండవ భాగం ఆపై వయసు వారికి ఉద్దేశించబడింది.
5. ఫార్మేషన్ ఆఫ్ క్యారెక్టర్: కోపిష్టి పిల్లవాడు, ముభావి మొదలైన వారి గురించి కథారూపంలో సాగిన వ్యాసాలు, కొన్ని సాహిత్య పాత్రల పరిశీలన ఇందులో ఉన్నాయి.
6. యాన్ ఎస్సే టువర్డ్స్ ఎ ఫిలాసఫీ ఆఫ్ ఎడ్యుకేషన్: ఆమె చివరి గ్రంథం. మరణానంతరం 1925లో ప్రచురితమైంది. జీవితకాలపు అనుభవ సారమంతా ఇందులో కలదు. సిద్ధాంతాన్ని ముందుగా గ్రహించదలచిన వారు దీనితోనే మొదలుపెట్టడం కూడా పరిపాటి.

మూడు, నాలుగు, ఐదు సంపుటాలు 1904-06 మధ్య కాలంలో వెలువడ్డాయి. ఇవి కాక, క్రీస్తు జీవితాన్ని పద్యరూపంలో వివరించే ద సేవియర్ ఆఫ్ ద వరల్డ్ అనే ఆరు సంపుటాల రచన కూడా ఈమెదే.

అందరికీ ఉదార విద్య

తొలినాళ్లలో మేసన్ పద్ధతులు గవర్నెస్‌ను నియమించుకోగల కుటుంబాలకే పరిమితమయ్యాయి. గ్రంథాలయం గల ఇంట పుట్టిన పిల్లలకు మాత్రమే ఈ చదువు సాధ్యమన్న విమర్శ కూడా వచ్చింది. దీనికి సమాధానం 1914లో లభించింది. యార్క్‌షైర్‌లో గని కార్మికులు నివసించే డ్రిగ్లింగ్టన్ గ్రామంలోని ప్రాథమిక పాఠశాల ఈమె పద్ధతిని చేపట్టింది. మంచి సాహిత్యం, చరిత్ర, చిత్రకళ కార్మికుల బిడ్డలకు అందుబాటులోకి వచ్చాయి. ఇంటిలో పుస్తకాలు లేని ఆ పిల్లలు ఒక్కసారి విన్న పాఠాన్ని వివరంగా తిరిగి చెప్పగలిగారు. తదుపరి సంవత్సరాలలో అనేక ప్రభుత్వ సహాయక పాఠశాలలు ఈ విధానాన్ని అనుసరించాయి. జ్ఞానం పట్ల ఆకలి వర్గభేదం లేకుండా పిల్లలందరిలో ఉన్నదని చెప్పడానికి మేసన్ తన చివరి గ్రంథంలో ఈ అనుభవాన్నే ప్రధాన సాక్ష్యంగా చూపింది.

చివరి రోజులు

మేసన్ ఆరోగ్యం చాలాకాలం బలహీనంగానే ఉన్నది. గుండె జబ్బు వలన రోజులో ఎక్కువ భాగం విశ్రాంతి తీసుకుంటూ, నిర్ణీత వేళలలో పనిచేసేది. చికిత్స కొరకు జర్మనీలోని నౌహైమ్‌కు పలుమార్లు వెళ్లింది. ఉత్తరప్రత్యుత్తరాలు, పత్రిక, పుస్తకాల ఎంపిక మాత్రం చివరి వరకు విడువలేదు. ఆమె కార్యదర్శి ఎల్సీ కిచింగ్ ఈ పనులలో ఆమెకు కుడిభుజంగా ఉన్నది. 1923 జనవరి 16న ఆంబుల్‌సైడ్‌లో మేసన్ మరణించింది. అక్కడి సెయింట్ మేరీ చర్చి ఆవరణలో ఆమె సమాధి కలదు.

విమర్శలు, పరిశోధన

మేసన్ పుస్తకాలను ఆమె కాలంతో ముడిపెట్టి చదవవలసి ఉంటుంది. ఆమె ఉద్దేశించిన తల్లులకు ఇంటిపనికి సేవకులు ఉండేవారు. వంట, శుభ్రత, సంపాదన అన్నీ తామే చూసుకునే తల్లిదండ్రులకు ఆమె చెప్పిన దినచర్య యథాతథంగా కుదరదు. క్రైస్తవ విశ్వాసం ఆమె సిద్ధాంతంలో అంతర్భాగం. బ్రిటిష్ సామ్రాజ్యం పట్ల ఆనాటి సమాజానికి గల గౌరవభావం కూడా కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఆమె ఎంచిన పుస్తకాలు ఎక్కువగా ఆంగ్ల సాహిత్యానికి చెందినవి. మాంటిస్సోరీ పద్ధతిలో వస్తువులకు ఉన్న ప్రాధాన్యం భావాలకు లేదని ఆమె చేసిన విమర్శతో అందరూ ఏకీభవించలేదు.

ఆమె జీవితం గురించిన తొలి సమగ్ర గ్రంథాన్ని శిష్యురాలైన ఎసెక్స్ చమ్లీ 1960లో ప్రచురించింది. తల్లిదండ్రులకు ఏకైక సంతానంగా, ఒంటరి బాలికగా మేసన్ పెరిగినట్లు చాలాకాలం భావించారు. మార్గరెట్ కూంబ్స్ 2015లో ప్రచురించిన పరిశోధన ఈ చిత్రాన్ని మార్చింది. జాషువా మేసన్‌కు పూర్వ వివాహాల వలన సంతానం కలదని, కుటుంబ మూలాలు క్వేకర్ సంప్రదాయంలో ఉన్నాయని, తన పుట్టుక వివరాలను మేసన్ బహిరంగపరచలేదని ఈ గ్రంథం వెల్లడించింది. ఇల్లే మొదటి బడి అని బోధించిన ఆమెకు తన సొంత ఇంటి చరిత్ర చెప్పుకోలేనిదిగా మిగలడం ఈమె జీవితంలోని ఒక వైచిత్రి.

తరువాతి ప్రభావం

హౌస్ ఆఫ్ ఎడ్యుకేషన్ తరువాత షార్లెట్ మేసన్ కళాశాలగా మారింది. కాలక్రమంలో సెయింట్ మార్టిన్స్ కళాశాలలో విలీనమై, 2007లో ఏర్పడిన కంబ్రియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. ఇరవయ్యవ శతాబ్దం మధ్య నాటికి పాఠశాల విద్య సర్వత్రా వ్యాపించడంతో మేసన్ పుస్తకాలు ముద్రణలో లేకుండా పోయాయి.

1984లో సూసన్ షాఫర్ మెకాలీ వ్రాసిన ఫర్ ద చిల్డ్రన్స్ సేక్ అనే చిన్న పుస్తకం మేసన్ భావాలను అమెరికా పాఠకులకు పరిచయం చేసింది. ఆ దేశంలో గృహవిద్యకు అప్పుడే ఒక్కొక్క రాష్ట్రంలో చట్టబద్ధత లభిస్తున్నది. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో తెలియక వెదుకుతున్న తల్లిదండ్రులకు ఇది దారి చూపింది. 1989లో ఆరు సంపుటాలు అమెరికాలో పునర్ముద్రణ పొందాయి. ఈ కృషిలో కారెన్ ఆండ్రియోలా, ఆమె భర్త ముఖ్యపాత్ర వహించారు. ఆమె 1998లో వెలువరించిన ఎ షార్లెట్ మేసన్ కంపానియన్ మూల గ్రంథాలలోని పాత ఆంగ్లం కష్టమనిపించే వారికి తేలికైన ప్రవేశికగా ఉపకరించింది. తదనంతరం ఆంబుల్‌సైడ్ ఆన్‌లైన్ వంటి స్వచ్ఛంద బృందాలు పాఠ్య ప్రణాళికలను ఉచితంగా అందుబాటులోకి తెచ్చాయి. మూల గ్రంథాలకు కాపీహక్కుల కాలం ముగిసినందున వాటిని కూడా ఉచితంగా చదువుకొనవచ్చును. ఆమె కాగితాలు, ఉత్తరాలు ఆంబుల్‌సైడ్‌లోని ఆర్మిట్ సంగ్రహాలయంలో భద్రపరచబడ్డాయి.

మేసన్ పుస్తకాల జాబితాను అలాగే అనుకరించడం కన్నా, ఆమె ఎంపిక సూత్రాన్ని గ్రహించడం ఏ దేశపు తల్లిదండ్రులకైనా ఎక్కువ మేలు చేస్తుంది. ఆ సూత్రం ప్రకారం పుస్తకాన్ని పరీక్షించవలసినది పిల్లవాడే. ఒక్కసారి విని, ఉత్సాహంగా తన మాటలలో తిరిగి చెప్పగలిగితే అది అతనికి తగిన పుస్తకం. అలా చెప్పలేకపోతే, లోపం పిల్లవానిలో ఉన్నదని నిర్ణయించే ముందు పుస్తకాన్ని మార్చి చూడవలసి ఉంటుంది.